రంగు తీసేసిన మార్పు, చోటు మార్చిన మార్పు

2012 ఫిబ్రవరి నెలాఖరున మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కొత్త వెర్షన్‌ను బీటాగా విడుదల చేసింది. తెరిచి చూసిన ప్రోగ్రామర్లకు మొట్టమొదట కంటికి తగిలింది బూడిద రంగు. పసుపు ఫోల్డర్లు పోయాయి. టూల్‌బార్ మీద ఇన్నేళ్లుగా చూస్తూ వచ్చిన రంగురంగుల ఐకాన్లు దాదాపు అన్నీ ఒకే నలుపులోకి మారిపోయాయి. పదేళ్ల తర్వాత, 2022 మే నెలలో, ప్రాగ్‌లో పుట్టిన జెట్‌బ్రెయిన్స్ సంస్థ తన ఇంటెల్లిజే ఐడియాకు దిద్దిన కొత్త రూపాన్ని కొంతమంది వాడుకరులకు మాత్రం చూపించడం మొదలుపెట్టింది. మొదటిది విండోస్ యాప్‌లు రాసేవారి ప్రధాన పనిముట్టు. రెండోది జావా, కోట్లిన్ రాసేవారిది. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు పునాది కూడా అదే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించడానికి కారణం, రెండు సంస్థలూ చెప్పుకున్న ఉద్దేశం దాదాపు ఒకటే కావడం. చుట్టూ ఉన్న హంగు వెనక్కి తగ్గాలి, మధ్యలో ఉన్న కోడ్ ముందుకు రావాలి అన్నదే ఇద్దరి మాటా. ఒకే ఉద్దేశంతో బయల్దేరిన ఇద్దరిలో ఒకరు వాడుకరుల కోపాన్ని చవిచూసి, ఏడాదిపాటు మెట్టుమెట్టుగా వెనక్కి దిగారు. మరొకరు సణుగుడు విన్నారు, దిద్దుకున్నారు, చివరికి తాము అనుకున్న చోటికే చేరారు. తేడా ఎక్కడుంది? రోజుకు ఎనిమిది, పది గంటలు ఒకే తెర ముందు కూర్చునేవారి బతుకు సంగతి ఇది. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా ఎంతోమంది తెలుగువాళ్ల ఉద్యోగం ఆ తెర మీదే నడుస్తోంది. అందుకే దీన్ని అందచందాల చర్చగా వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ముందు విజువల్ స్టూడియో సంగతి. ఆ సమయానికి మైక్రోసాఫ్ట్ మొత్తం విండోస్ 8 వైపు తిరిగి ఉంది. మెట్రో అని పిలుచుకున్న డిజైన్ పద్ధతిలో నీడలు, మెరుపులు, గుండ్రటి అంచులు ఉండవు. చదునైన రంగు పలకలు, పెద్ద అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ ఉంటాయి. ఫోన్ తెర మీద, టాబ్లెట్ మీద ఆ పద్ధతికి ఒక అందం ఉంది, నేను కాదనను. కానీ ఫోన్ తెర మీద ఒకసారి కనిపించేవి పది, పన్నెండు వస్తువులు. విజువల్ స్టూడియోలో ఒక మోస్తరు ప్రాజెక్టు తెరిస్తే పక్క పలకలోనే వందలాది ఫైళ్లు వరసకడతాయి. ఫోల్డరు, క్లాస్ ఫైలు, కాన్ఫిగరేషన్ ఫైలు, రిఫరెన్సు అన్నీ కలిసిన ఆ జాబితాలో కన్ను ముందుగా పట్టుకునేది రంగును. ఆకారం తర్వాత. పదహారు పిక్సెళ్ల చదరంలో గీసిన ఆకారాలు ఎంత జాగ్రత్తగా గీసినా ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. వాటి మధ్య తేడాను ఇట్టే చెప్పగలిగేది రంగు ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ తీసేశారు.

ఇక్కడ ఒక న్యాయమైన వాదనను పక్కన పెట్టకూడదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్లు చాలామందికి ఉంటాయి. వాళ్ల కోసం ఐకాను ఆకారంతోనే అర్థమవ్వాలి. రంగు లేకుండా చూసినా పోల్చుకోగలిగేలా గీయడం మంచి డిజైనర్లు పాటించే క్రమశిక్షణ. అయితే రంగు లేకున్నా అర్థమయ్యేలా గీయడం వేరు, గీశాక రంగే వేయకపోవడం వేరు. మొదటిది కొందరికి దారి తెరుస్తుంది. రెండోది అందరికీ పని పెంచుతుంది.

బీటా బయటికి రాగానే మైక్రోసాఫ్ట్ సలహాల పేజీలో రంగులు తిరిగి ఇవ్వమన్న విన్నపానికి వేల ఓట్లు పడ్డాయి. సంస్థ విన్నది కూడా. మే నెలాఖరున వచ్చిన రిలీజ్ క్యాండిడేట్‌లో ఐకాన్లకు కొంత రంగు తిరిగి వచ్చింది, నేపథ్యపు బూడిద కాస్త తేలికపడింది. అక్కడితో ఆగి ఉంటే కథ వేరుగా ఉండేది. అదే విడుదలలో మెనూ పేర్లన్నిటినీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోకి మార్చారు. ఫైల్, ఎడిట్, వ్యూ అన్న మాటల్లో ప్రతి అక్షరమూ పెద్దదే. తమ మిగతా ఉత్పత్తులతో పొందిక కోసమనీ, రంగూ గీతలూ తగ్గిన పైభాగానికి ఒక కట్టుబాటు ఇవ్వడానికనీ సంస్థ వివరణ ఇచ్చింది. అంటే రంగు, గీతలు తీసేయడంతో పైభాగం పలచబడిందని వాళ్లకే తెలిసింది. ఆ లోటును పూడ్చడానికి అక్షరాలను పెంచారు. ఒక తొలగింపు తెచ్చిన ఇబ్బందిని ఇంకో అలంకారంతో సరిచేయబోవడం డిజైన్‌లో తరచూ జరిగే తప్పు. ఇంత పెద్ద సంస్థ అందరి కళ్లముందే అదే తప్పు చేసింది. కోడే ముందుకు రావాలన్న మాటకు ఇది నేరుగా ఎదురు నిలుస్తుంది కూడా. తెర మీద అన్నిటికన్నా గట్టిగా అరిచే వరస మెనూదే అయింది.

ఆ పెద్దక్షరాలను మార్చుకునే వీలు లేకపోలేదు. విండోస్ రిజిస్ట్రీలోకి వెళ్లి 'సప్రెస్ అప్పర్‌కేస్ కన్వర్షన్' అన్న విలువను 1 చేస్తే మెనూ మామూలు అక్షరాల్లోకి వచ్చేది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన చిన్న వివరం ఇదే. ఆ మార్గాన్ని ఉత్పత్తి తయారుచేసినవాళ్లే పెట్టారు, కొందరికి అవసరమవుతుందని వాళ్లు ముందే ఊహించారన్నమాట. ఊహించినవాళ్లు దాన్ని సెట్టింగుల్లో ఒక టిక్కు గడిగా పెట్టకుండా, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పుకుంటూ తిరగాల్సిన చోట దాచారు. వాడుకరులు తమ దారులు తాము వేసుకున్నారు. విజువల్ స్టూడియో 2010 నాటి ఐకాన్లను కొత్త వెర్షన్‌లోకి ఎక్కించే ఐకాన్ ప్యాచర్ అనే చిన్న పనిముట్టు తయారైంది. రంగులు మార్చుకునే థీమ్ ఎడిటర్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. చివరికి 2013లో వచ్చిన రెండో అప్‌డేట్‌లో మైక్రోసాఫ్టే నీలి థీమ్‌ను మళ్లీ చేర్చింది. పెద్దక్షరాల మెనూ కూడా తర్వాతి వెర్షన్లలో కనుమరుగైంది.

ఈ గొడవ కింద పడి నలిగిపోయిన మంచి గురించి చెప్పకపోతే విమర్శ ఒంటికన్నుది అవుతుంది. 2012 వెర్షన్‌లోనే కంట్రోల్, క్యూ నొక్కి ఏ కమాండైనా వెతుక్కునే క్విక్ లాంచ్ వచ్చింది. ఫైళ్ల పలకలోనే వెతికే గడి వచ్చింది. ఒక ఫైలును ఒక్కసారి నొక్కితే కొత్త ట్యాబ్‌గా చేరకుండా తాత్కాలికంగా తెరిచి చూపే ప్రివ్యూ ట్యాబ్ వచ్చింది. నల్లని థీమ్ వచ్చింది. ప్రోగ్రామర్ రోజును నిజంగా తేలిక చేసినవి ఇవి. వెతుకుడు ఇప్పటికీ విజువల్ స్టూడియోలో కంట్రోల్, క్యూ మీదే ఉంది. ప్రివ్యూ ట్యాబ్ పద్ధతి తర్వాత వచ్చిన వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లోనూ కనిపిస్తుంది. పని ఎలా సాగుతుందో ఆలోచించి చేసిన మార్పులు నిలిచాయి, రూపు ఎలా ఉండాలో ఆలోచించి చేసినవి వెనక్కి పోయాయి. ఆ జట్టులో పనిని ఎరిగినవాళ్లు ఉన్నారనడానికి నాకు ఇది చాలు. ఆ ఏడాది వాళ్ల మాట కన్నా సంస్థ మొత్తానికీ ఒకే ముఖం ఉండాలన్న మాట ఎక్కువ చెల్లింది.

ఇక ఇంటెల్లిజే ఐడియా. 2001 నుంచి ఉన్న పనిముట్టు. ఇరవై ఏళ్లలో ఒక్కో సౌకర్యం చేరినప్పుడల్లా ఒక్కో బటనూ చేరింది. ఎడమ, కుడి, కింది అంచులు మూడింటి వెంబడీ పలకల పేర్లు, పక్క అంచుల్లో అయితే నిట్టనిలువుగా తిప్పి రాసిన పేర్లు. పైన రెండు మూడు వరసల టూల్‌బార్లు. అలవాటైనవారికి అది సొంతిల్లు. కొత్తగా వచ్చినవారికి గాభరా. 2015లో వీఎస్ కోడ్ వచ్చాక ఆ గాభరా ఇంకా పెద్దదిగా కనిపించసాగింది. కొత్త తరానికి ఎడిటర్ అంటే ఎడమ అంచున నాలుగైదు ఐకాన్లు, మిగతాదంతా ఖాళీ.

జెట్‌బ్రెయిన్స్ చేసిన తొలగింపు వేరే జాతిది. ఐకాన్లను కొత్తగా గీశారు కానీ రంగును అవసరమైన చోట ఉంచారు. తగ్గించింది సంఖ్యను. పైన ఒక్క వరస మిగిల్చారు. అందులో ప్రాజెక్టు పేరు, గిట్ బ్రాంచ్, రన్ బటను. పలకల పేర్లు తీసేసి ఐకాన్లు ఉంచారు. విండోస్, లినక్స్ వాడేవారికి ప్రధాన మెనూ మొత్తాన్నీ మూడు గీతల బటను వెనక్కి పంపారు. వరసల మధ్య ఖాళీ పెంచారు.

రెండు తొలగింపుల మధ్య తేడా నాకు ఇలా కనిపిస్తుంది. వస్తువులు అన్నే ఉండి రంగు పోతే, ప్రతి వస్తువును పోల్చుకోవడానికి కంటికి ప్రతిసారీ కొంచెం అదనపు పని పడుతుంది. ఆ పని రేపూ ఉంటుంది, ఏడాది తర్వాతా ఉంటుంది. అలవాటు దాన్ని కొంత తగ్గిస్తుందేమో కానీ పూర్తిగా తీర్చలేదు, ఎందుకంటే పోల్చుకోవడానికి పట్టు దొరికే గుర్తే అక్కడ లేదు. వస్తువు చోటు మారితే ఇబ్బంది మొదట చాలా గట్టిగా ఉంటుంది. చెయ్యి పాత చోటికి వెళ్తుంది, అక్కడ ఏమీ ఉండదు, చిరాకు పుడుతుంది. కానీ చెయ్యి నేర్చుకుంటుంది. కొన్ని వారాల్లో కొత్త చోటే సొంత చోటు అవుతుంది. మొదటి నష్టం చిన్నదిగా కనిపించే శాశ్వత నష్టం, రెండోది పెద్దదిగా కనిపించే తాత్కాలిక నష్టం. విజువల్ స్టూడియో వాడుకరుల కోపం మొండితనం కాదని నేను నమ్మడానికి ఇదే ఆధారం.

అయినా తాత్కాలిక నష్టాన్ని ఎలా పంచాలన్నది చిన్న ప్రశ్న కాదు. జెట్‌బ్రెయిన్స్ దీన్ని బాగా ఆలోచించింది. 2022 మేలో అడిగినవారికి మాత్రమే చూపించారు. ఆ ఏడాది చివర 2022.3 వెర్షన్‌లో కావాలనుకున్న ఎవరైనా సెట్టింగుల్లో టిక్కు పెట్టి వాడుకునే వీలిచ్చారు. 2023.2 నాటికి కొత్తగా చేరే వాడుకరులకు కొత్త రూపమే ముందుగా వచ్చేది, పాతవాళ్లకు పాతదే ఉండేది. 2024 ఆగస్టులో వచ్చిన 2024.2లో అందరికీ కొత్తదే అయింది. పాత రూపం అప్పుడు కూడా మాయం కాలేదు, ప్లగిన్‌గా దిగుమతి చేసుకునే వీలుంచారు. రెండేళ్లకు పైగా సాగిన ఈ వరసలో నాకు బాగా నచ్చిన మెట్టు మూడోది. పాత అలవాటు లేనివాడికి పోగొట్టుకునేదేమీ ఉండదు కదా, ముందు వాళ్లతో మొదలుపెట్టడంలో ఇంగితం ఉంది.

మైక్రోసాఫ్ట్‌కు అంత సమయం ఎందుకు లేకపోయింది? బీటాకూ తుది వెర్షన్‌కూ మధ్య ఆరు నెలలే. విజువల్ స్టూడియో అప్పట్లో రెండేళ్లకోసారి పెద్ద సరుకుగా అమ్ముడుపోయేది. విండోస్ 8 విడుదలకు అది సిద్ధంగా ఉండి తీరాలి. విండోస్ స్టోర్ యాప్‌లు రాయాలంటే 2012 వెర్షనే కావాలి కాబట్టి, ఆ పని చేసేవారికి 2010లోనే ఉండిపోయే అవకాశమూ లేదు. జెట్‌బ్రెయిన్స్ ఏడాదికి మూడు వెర్షన్లు విడుదల చేసే సంస్థ, వాడుకరులు చందా కట్టేవారు. నచ్చక చందా మానేస్తే నష్టం వెంటనే లెక్కల్లో కనిపిస్తుంది. ఓపికను కేవలం సద్గుణంగా చూడలేం, అమ్మకపు పద్ధతి కూడా దాన్ని నేర్పింది. మైక్రోసాఫ్ట్ సైతం 2012 వెర్షన్‌తోనే కొన్ని నెలలకోసారి అప్‌డేట్లు ఇచ్చే పద్ధతిలోకి మారింది. నీలి థీమ్ అంత త్వరగా తిరిగి రాగలిగింది అందువల్లే.

ఇంతవరకూ చెప్పింది విని ఇంటెల్లిజే కొత్త రూపం మచ్చలేనిదని అనుకోవద్దు. గిట్ వాడేవారికి పాత రూపంలో పైన కుడివైపున అప్‌డేట్, కమిట్, పుష్ అని వేర్వేరు బటన్లు ఉండేవి. రోజుకు ఎన్నోసార్లు నొక్కేవి. కొత్త రూపం వాటిని బ్రాంచ్ పేరు కింద తెరుచుకునే జాబితాలోకి పంపింది. ఒక నొక్కు రెండు నొక్కులైంది. కావాలంటే బటన్లను మళ్లీ టూల్‌బార్ మీదకు తెచ్చుకోవచ్చు నిజమే. కానీ తెచ్చుకోవచ్చని తెలిసినవాడికి షార్ట్‌కట్ కూడా తెలిసే ఉంటుంది. తెలియనివాడికి రెండూ తెలియవు.

పలకల పేర్లు తీసేయడం నాకు అసలు మింగుడుపడలేదు. అది ఎవరికి లాభం? ఏళ్లుగా వాడుతున్నవాడికి ఐకాను చూస్తే చాలు, పేరు అక్కర్లేదు. కొత్తవాడికి పేరే కావాలి. ఇంజనీరింగ్ కాలేజీలో మొదటిసారి ఆండ్రాయిడ్ యాప్ రాయబోతున్న విద్యార్థి సంగతి చూడండి. యూట్యూబ్‌లో తెలుగులో పాఠం చెప్పేవారు కింది అంచున లాగ్‌క్యాట్ అన్న పేరు మీద నొక్కమంటారు. ఆ వీడియో పాత రూపం నాటిది. విద్యార్థి తెర మీద పేరే లేదు, వరసగా ఐకాన్లున్నాయి. ఒక్కొక్క దాని మీదా మౌస్ ఆనించి పేరు కోసం ఎదురుచూడాలి. కొత్తవారి కోసమే చేశామన్న సరళత, వారికి చదువుకోవడానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ తీసేసింది. ఖాళీ తెర చూడటానికి సులువుగా ఉంటుంది, నేర్చుకోవడానికి సులువుగా ఉండాలని లేదు. ఈ ఒక్క విషయంలో 2012 నాటి విజువల్ స్టూడియో మెరుగు. దాని మెనూలు అరిచినా, పేర్లు మాత్రం కళ్లెదుటే ఉన్నాయి. జెట్‌బ్రెయిన్స్ తర్వాతి వెర్షన్లలో పలకల పేర్లు చూపించే వీలును సెట్టింగుల్లో చేర్చింది. మొదటి రోజు నుంచీ పేర్లు కనిపిస్తూ, అక్కర్లేనివాళ్లు దాచుకునేలా ఉండాల్సింది.

ఖాళీ సంగతి కూడా అంతే. వరసల మధ్య జాగా పెరిగితే పెద్ద మానిటర్ మీద కంటికి హాయిగా ఉంటుంది. కానీ మన కాలేజీ ల్యాబుల్లో, విద్యార్థుల చేతుల్లో 1366 బై 768 తెరల లాప్‌టాప్‌లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ తెర మీద టూల్‌బార్ కొంచెం లావెక్కినా ఎడిటర్‌లో రెండు మూడు వరసల కోడ్ మాయమవుతుంది. కోడ్ ముందుకు రావాలన్న మాట చిన్న తెర దగ్గర తలకిందులవుతుంది. ఈ ఫిర్యాదు చాలా చోట్ల నుంచి రావడంతో కాంపాక్ట్ మోడ్ అని ఒకటి పెట్టారు. అది ఎత్తులను తగ్గిస్తుంది, ఐకాన్లను చిన్నవి చేస్తుంది. మైక్రోసాఫ్ట్ రిజిస్ట్రీలో దాచిన విలువకూ, జెట్‌బ్రెయిన్స్ వ్యూ మెనూలో పేరు పెట్టి ఉంచిన ఈ మోడ్‌కూ మధ్యనే రెండు సంస్థల వైఖరి తేడా అంతా కనిపిస్తుంది. ఇద్దరూ వెనక్కి తగ్గారు. ఒకరు తగ్గిన సంగతిని దాచారు, మరొకరు దాన్ని ఒక సౌకర్యంగా వాడుకరి చేతికిచ్చారు.

రెండింటిలోనూ చెక్కుచెదరనిది ఒకటుంది, కీబోర్డు షార్ట్‌కట్లు. ఇంటెల్లిజే వాడుకరుల్లో చాలామంది షిఫ్ట్ రెండుసార్లు నొక్కి ఏదైనా వెతుక్కుంటారు, మౌస్ ముట్టకుండానే పూటలు గడిపేవారూ ఉన్నారు. తెర మీద ఏది ఎక్కడికి జరిగినా వాళ్ల వేళ్లకు తేడా తెలియదు. కొత్త రూపం మీద తీవ్రమైన కోపం రాకపోవడానికి ఇది కూడా ఒక కారణమే, దీన్ని డిజైనర్ల ఖాతాలో వేయలేం. విజువల్ స్టూడియోలో ఫారాలు లాగి పడేస్తూ, ఫైళ్ల చెట్టులో దిగుతూ మౌస్‌తో పనిచేసే సంప్రదాయం ఎక్కువ. కంటి మీద ఆధారపడిన వాళ్ల దగ్గరే కంటికి గుర్తులు తీసేశారు. ఎవరు ఎలా పనిచేస్తున్నారో చూడకుండా ఎవరి పనిముట్టునూ మార్చకూడదని నేను అనుకోవడానికి ఈ జంటే తగిన ఉదాహరణ.

నా తీర్పు ఇది. మార్చిన తీరులో జెట్‌బ్రెయిన్స్‌ది స్పష్టంగా పైచేయి. మార్పుల్లో నిలిచే సత్తా ఉన్నవి మాత్రం విజువల్ స్టూడియో 2012 దగ్గరే ఎక్కువ ఉన్నాయి. క్విక్ లాంచ్, ప్రివ్యూ ట్యాబ్ లాంటి వాటికి సమానమైన కొత్త పద్ధతి ఇంటెల్లిజే కొత్త రూపంలో నాకు కనిపించలేదు. అది ఉన్న పనులను సర్దింది, పని చేసే తీరును మార్చలేదు.

ఆండ్రాయిడ్ పాఠాలు చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. ఆండ్రాయిడ్ స్టూడియో ఇప్పుడు ఈ కొత్త రూపంలోనే తెరుచుకుంటోంది. మొదటి తరగతికి ముందే ల్యాబ్ కంప్యూటర్లలో వ్యూ మెనూకు వెళ్లి అప్పియరెన్స్ కింద కాంపాక్ట్ మోడ్ పెట్టండి. మీ వెర్షన్‌లో వీలుంటే ప్రధాన మెనూనూ, పలకల పేర్లనూ ఎప్పుడూ కనిపించేలా చేయండి. పిల్లలు అవసరం లేదనుకున్న రోజున వాళ్లే తీసేసుకుంటారు.